ఆడిన ఆటలే పాఠాలు: ఆన్‌లైన్ చదరంగం రికార్డులను తెచ్చుకుని చదవడం

ఆన్‌లైన్‌లో ఆడిన చదరంగం ఆట గెలిచినా ఓడినా చెరిగిపోదు. ఏ పావు ఏ గడికి కదిలింది, ఆ ఎత్తు వేసేసరికి గడియారంలో ఎన్ని సెకన్లు మిగిలాయి, ఎదుటివారి రేటింగ్ ఎంత, ఆట ఎలా ముగిసింది, ఇవన్నీ సైటు దగ్గర భద్రంగా ఉంటాయి. రోజుకు నాలుగు ఆటలు ఆడేవారికి ఏడాది తిరిగేసరికి 1,460 ఆటల చిట్టా పోగవుతుంది. టోర్నీల్లో స్కోరుషీటు మీద చేత్తో రాసుకునే ఆటలు అన్ని చేరాలంటే చాలా ఏళ్లు పడుతుంది.

అంత చిట్టా చేతికందే దూరంలో ఉన్నా, చాలామంది ఆటగాళ్లు తమ ఆటతీరును జ్ఞాపకంతోనే అంచనా వేసుకుంటారు. జ్ఞాపకానికి నిన్నటి ఓటమి పెద్దగానూ, మూడు నెలల కిందటి అలవాటు చిన్నగానూ కనిపిస్తుంది. ‘ఓపెనింగులు రావడం లేదు’ అని మనసు చెబుతున్నప్పుడు, అసలు నష్టం 30వ ఎత్తు తర్వాత గడియారం దగ్గర జరుగుతూ ఉండవచ్చు. ఆ సంగతి తేల్చుకోవడానికి రికార్డులను తెప్పించుకోవడం, వాటిని విడదీసి చదవడం, చివరికి కొన్ని ఆటలను ఎంచి మళ్లీ బల్ల మీద పెట్టడం అవసరం. పైథాన్‌లో చిన్నచిన్న ప్రోగ్రాములు రాయగలిగితే ఈ పనికి చాలు.

ముందు ప్రశ్న, తర్వాత డేటా

వేల ఆటలు దించుకున్నాక ‘ఇందులో ఏముందో చూద్దాం’ అని కూర్చుంటే రోజులు గడుస్తాయి, పాఠం దొరకదు. ముందు ఒక ప్రశ్నను కాగితం మీద రాసుకోవాలి. రాత్రి పొద్దుపోయాక ఆడిన ఆటల్లో ఫలితం దిగజారుతోందా? నల్ల పావులతో ఏ ఓపెనింగ్ ఆడినప్పుడు ఓటములు ఎక్కువ? గడియారం అయిపోయి చేజారిన ఆటలు ఎన్ని?

ఏ వివరం కావాలో ప్రశ్ననుబట్టే తేలిపోతుంది. మొదటిదానికి ఆట జరిగిన సమయం, ఫలితం చాలు. రెండోదానికి పావుల రంగు, ఓపెనింగ్ కోడ్ కావాలి. మూడోదానికి ఆట ముగిసిన తీరు, ప్రతి ఎత్తు దగ్గరా మిగిలిన సమయం కావాలి. ప్రశ్న స్పష్టంగా ఉంటే తెచ్చుకోవాల్సిన డేటా తగ్గుతుంది, రాయాల్సిన ప్రోగ్రాము కూడా చిన్నదవుతుంది.

రెండు సైట్లు, రెండు పద్ధతులు

సైటు పేజీలు మనిషి చూడటానికి కట్టినవి. వాటిలో రంగులు, బొమ్మలు, బటన్లు ఉంటాయి. అదే సమాచారాన్ని అలంకారం లేకుండా ప్రోగ్రాములకు అందించే కిటికీ పేరు ఏపీఐ. నిర్ణీత చిరునామాకు రిక్వెస్టు పంపితే నిర్ణీత రూపంలో జవాబు వస్తుంది.

చెస్ డాట్ కామ్ ఏపీఐ ఆటలను నెలలవారీ కట్టలుగా ఇస్తుంది. ఆటగాడి యూజర్‌నేమ్ తర్వాత ‘గేమ్స్’, దాని తర్వాత ‘ఆర్కైవ్స్’ అని చిరునామా రాస్తే, అతను ఆటలు ఆడిన నెలల జాబితా వస్తుంది. జాబితాలోని ఒక్కో చిరునామాను తెరిస్తే ఆ నెల ఆటలన్నీ ఒకేసారి దిగుతాయి. చిరునామాలో నెలను రెండంకెల్లో రాయాలి. 2024 మార్చి కావాలంటే 2024/03 అని ఉండాలి. ఈ ఏపీఐ చదవడానికి మాత్రమే పనికొస్తుంది, పాస్‌వర్డు అడగదు.

లీచెస్‌ను 2010లో ఫ్రాన్స్‌కు చెందిన ప్రోగ్రామర్ తిబో దుప్లెస్సీ మొదలుపెట్టారు. ప్రకటనలు లేకుండా, విరాళాల మీద నడిచే ఓపెన్ సోర్స్ సైటు ఇది. దాని ఏపీఐలో నెలల కట్టలు ఉండవు. ఆటగాడి పేరు ఇచ్చి, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఎన్ని ఆటలు, బ్లిట్జా ర్యాపిడా, తెల్లా నల్లా అని షరతులు పెడితే, సరిపోయిన ఆటలు ఒకదాని వెనుక ఒకటి ప్రవాహంలా వస్తాయి. గడియారం వివరాలు అడిగితేనే వస్తాయి. పెద్ద పరిశోధన చేయాలనుకునేవారికి 2013 జనవరి నుంచి జరిగిన రేటెడ్ ఆటలన్నింటినీ నెలకో ఫైలుగా, ఎవరైనా స్వేచ్ఛగా వాడుకునే లైసెన్సుతో లీచెస్ విడిగా అందుబాటులో ఉంచింది. సొంత ఆట బాగుచేసుకోవడానికి అంత బరువు అక్కర్లేదు, ఏపీఐ చాలు.

అడిగే పద్ధతి

ఉచితంగా ఇచ్చే సర్వరును ఇబ్బంది పెట్టకుండా అడగడం ఈ పనిలో మొదటి క్రమశిక్షణ. అందులో నాలుగు నియమాలు ముఖ్యం.

మొదటిది, ఒకసారికి ఒకే రిక్వెస్టు పంపాలి. 12 నెలల ఆటలు కావాలంటే ఒక నెల జవాబు పూర్తిగా వచ్చాకే రెండో నెల అడగాలి. అన్నీ ఒక్కసారే పంపితే సర్వరు 429 అనే సంకేతంతో ఆపేస్తుంది. ‘మరీ ఎక్కువగా అడుగుతున్నారు, ఆగండి’ అని దాని అర్థం. ఆ సంకేతం వచ్చినప్పుడు పూర్తిగా ఒక నిమిషం ఆగాకే మళ్లీ అడగాలని లీచెస్ నియమం.

రెండోది, ప్రోగ్రాము తానెవరో చెప్పుకోవాలి. రిక్వెస్టుతోపాటు వెళ్లే యూజర్ ఏజెంట్ హెడర్‌లో ప్రోగ్రాము పేరు, రాసినవారిని సంప్రదించే మార్గం ఉంటే, ఏదైనా తేడా వచ్చినప్పుడు సైటు నిర్వాహకులు అడ్డుకునే ముందు హెచ్చరించగలుగుతారు. ఊరూ పేరూ లేని రిక్వెస్టులకు 403 అనే తిరస్కారం ఎదురయ్యే అవకాశం ఉంది.

మూడోది, ఒకసారి తెచ్చుకున్నది మళ్లీ అడగకూడదు. గడిచిపోయిన నెలలో కొత్త ఆటలు చేరవు. వచ్చిన జవాబును వచ్చినట్టే ఒక ఫైలులో దాచుకోవాలి. విడదీసే ప్రోగ్రాములో తప్పు దొర్లితే ఆ ఫైలునే మళ్లీ చదువుకోవచ్చు, సర్వరు దాకా వెళ్లనక్కర్లేదు. ఇప్పటి నెలను మాత్రమే తాజాగా తెచ్చుకోవాలి.

నాలుగోది, ఖాతాదారుకు సైటు ఇచ్చే రహస్య సంకేతమైన టోకెన్‌ను గుట్టుగా ఉంచుకోవాలి. లీచెస్‌లో టోకెన్ లేకుండా సెకనుకు 20 ఆటల వేగంతో, టోకెన్‌తో సొంత ఆటలైతే సెకనుకు 60 దాకా వస్తాయి. 1,460 ఆటలకు మొదటి పద్ధతిలో కూడా నిమిషం పైన కొన్ని సెకన్లే పడుతుంది కాబట్టి, మామూలు అవసరానికి టోకెన్ లేకపోయినా పని ఆగదు. తీసుకుంటే మాత్రం దాన్ని ప్రోగ్రాములో రాసి నలుగురితో పంచుకోకూడదు. అది ఖాతా తాళంచెవితో సమానం.

జేసన్: పేరు, విలువ, పొరపాట్లు

జవాబు చాలావరకు జేసన్ రూపంలో వస్తుంది. ప్రతి వివరానికి ఒక పేరు, దాని పక్కన ఒక విలువ ఉంటాయి. చెస్ డాట్ కామ్ ఒక నెల ఆటలన్నింటినీ ఒకే పెద్ద జాబితాగా ఇస్తుంది. లీచెస్‌ను కోరితే వరుసకో ఆట చొప్పున ఇస్తుంది. వరుస వచ్చినప్పుడల్లా ఒక ఆట చదివి, దాచి, ముందుకు సాగవచ్చు. లక్ష ఆటలైనా కంప్యూటర్ మెమరీ నిండదు.

చూడటానికి ఇదంతా తేలికే. లెక్కలు తప్పేది చిన్న విషయాల దగ్గర.

ఫలితం సంగతే చూస్తే, చెస్ డాట్ కామ్ జవాబులో తెల్ల, నల్ల ఆటగాళ్లకు విడివిడిగా ఫలితం ఉంటుంది. గెలిచినవారి పక్కన ‘విన్’ అని, ఓడినవారి పక్కన ఓడిన తీరు ఉంటుంది. ఆటకట్టు అయితే ‘చెక్‌మేటెడ్’, ఓటమి ఒప్పుకుంటే ‘రిజైన్డ్’, గడియారం అయిపోతే ‘టైమౌట్’. డ్రా అయితే ‘డ్రా’ అన్న మాట రాదు. ఒప్పందంతో అయితే ‘అగ్రీడ్’, ఒకే స్థితి మూడుసార్లు వస్తే ‘రెపిటిషన్’, రాజుకు చెక్ లేకపోయినా వేయడానికి ఎత్తు లేక ఆట నిలిచిపోతే ‘స్టేల్‌మేట్’, ఇలా కారణానికో మాట ఉంటుంది. ‘విన్’ లేనిదల్లా ఓటమి అని రాసిన ప్రోగ్రాము ప్రతి డ్రానూ ఓటమిగా లెక్కేస్తుంది.

లీచెస్‌లో అదే పొరపాటు వేరే దారిలో వస్తుంది. అక్కడ ‘విన్నర్’ అనే వివరంలో తెలుపో నలుపో ఉంటుంది. డ్రా అయితే ఆ వివరమే ఉండదు. ఉందని నమ్మి చదివిన ప్రోగ్రాము మొదటి డ్రా దగ్గరే ఆగిపోతుంది. వివరం లేని సందర్భాన్ని విడిగా పట్టించుకుని, ఆట ముగిసిన తీరు చెప్పే ‘స్టేటస్’ను కూడా చూసి నిర్ధారించుకోవాలి.

యూజర్‌నేమ్ దగ్గర మరో చిక్కు ఉంది. ఆటగాడు పేరును ఇంగ్లిష్ పెద్ద అక్షరంతో నమోదు చేసుకుని, ప్రోగ్రాములో చిన్న అక్షరంతో రాస్తే, కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు పేర్లు. పోల్చే ముందు రెండింటినీ చిన్న అక్షరాల్లోకి మార్చాలి. లేకపోతే తెల్లవైపు ఆడిన ఆటలన్నీ నల్లవైపు ఆడినట్టు నమోదై, లెక్క మొత్తం తలకిందులవుతుంది.

చెస్960 వంటి ఇతర రకాల ఆటలను పక్కన పెట్టడం, రేటెడ్ కాని సరదా ఆటలను వేరు చేయడం కూడా ఈ దశలోనే జరగాలి. రెండు సైట్ల రేటింగులను ఒకే పట్టికలో కలపకూడదు. లీచెస్‌లో కొత్త ఆటగాడు 1500 దగ్గర మొదలవుతాడు. రెండు సైట్లలో ఆడేవారు వేరు, రేటింగ్ కొలమానాలు వేరు. ఒకచోటి 1700కు రెండోచోటి 1700తో పోలిక లేదు.

పీజీఎన్: ఆటను రాసుకునే లిపి

ఎత్తుల వివరం పీజీఎన్ అనే రూపంలో ఉంటుంది. మనుషులూ కంప్యూటర్లూ ఇద్దరూ చదవగలిగేలా 1993లో స్టీవెన్ ఎడ్వర్డ్స్ దీన్ని రూపొందించారు. పైన చదరపు బ్రాకెట్లలో ఆట వివరాలు, కింద ఎత్తులు ఉంటాయి. పోటీ పేరు, స్థలం, తేదీ, రౌండు, తెల్ల ఆటగాడు, నల్ల ఆటగాడు, ఫలితం అనే ఏడు వివరాలు తప్పనిసరి. ఫలితం 1-0 అయితే తెలుపు గెలుపు, 0-1 అయితే నలుపు గెలుపు, 1/2-1/2 అయితే డ్రా. నక్షత్రం గుర్తు ఉంటే ఆట ఇంకా ముగియలేదని అర్థం. ఆన్‌లైన్ సైట్లు వీటికి రేటింగులు, సమయ నియమం, ఓపెనింగ్ కోడ్ వంటివి చేరుస్తాయి. ఓపెనింగ్ కోడ్‌లు ఏ00 నుంచి ఈ99 దాకా మొత్తం 500. సిసిలియన్ డిఫెన్స్ బీ20 నుంచి బీ99 దాకా, రుయ్ లోపెజ్ సీ60 నుంచి సీ99 దాకా ఉంటాయి.

ఎత్తులను వాక్యంలోని మాటల్లా ఖాళీల దగ్గర ముక్కలు చేస్తే సరిపోతుందని మొదట్లో అనిపిస్తుంది. అలా చేయకూడదు. ఎత్తుల మధ్య మీసాల బ్రాకెట్లలో వ్యాఖ్యలు, గుండ్రటి బ్రాకెట్లలో ప్రత్యామ్నాయ ఎత్తులు రావచ్చు. గుర్రాలు రెండూ ఒకే గడికి వెళ్లగలిగితే, ఏది వెళ్లిందో చెప్పడానికి అదనపు అక్షరం చేరుతుంది. ఇవన్నీ సరిగా తెలియాలంటే ప్రోగ్రాము లోపల బోర్డును కదుపుతూ చదవాలి.

అక్షరాల విషయంలో ఒక సంగతి దగ్గరగా చూడదగ్గది. ఇంగ్లిష్‌లో శకటుకు పెద్ద ‘బీ’ గుర్తు, బోర్డులో రెండో నిలువు వరుసకు చిన్న ‘బీ’ గుర్తు. పెద్ద ‘బీ’తో మొదలై ‘సీ4 గడిలో పావును కొట్టింది’ అని ఉంటే కొట్టింది శకటు. అదే చిన్న ‘బీ’తో మొదలైతే కొట్టింది రెండో వరుస బంటు. మిగతా అక్షరాలన్నీ ఒకటే. యూజర్‌నేమ్‌లకు చేసినట్టే ఎత్తులను కూడా చిన్న అక్షరాల్లోకి మార్చేస్తే శకటూ బంటూ కలిసిపోతాయి. అక్కడ అవసరమైన పని ఇక్కడ ఆటనే చెడగొడుతుంది.

అందుకే ఈ పనికి సిద్ధంగా ఉన్న లైబ్రరీని వాడటం మంచిది. పైథాన్‌లో నిక్లాస్ ఫీకస్ రాసిన పైథాన్-చెస్ లైబ్రరీ ఒక ఫైలులోంచి ఆట వెంట ఆట చదువుతుంది. శీర్షిక వివరాలను విడిగా, ఎత్తులను వరుసగా, ప్రతి ఎత్తు దగ్గరి గడియారాన్ని సెకన్లలో ఇస్తుంది. ఫైలులో ఆటలు అయిపోయాక ‘నన్’ అని చెబుతుంది, ప్రోగ్రాము అక్కడ ఆగాలి.

కాలాన్ని సరిగా చదవడం

రాత్రి ఆటల ప్రశ్నకు జవాబు కాలం మీదే ఆధారపడి ఉంది. కంప్యూటర్లు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి లెక్కిస్తాయి. చెస్ డాట్ కామ్ ఆట ముగిసిన సమయాన్ని సెకన్లలో ఇస్తే, లీచెస్ జేసన్‌లో మిల్లీసెకన్లలో ఇస్తుంది. మొదటిదానిలో పది అంకెలు, రెండోదానిలో పదమూడు అంకెలు ఉంటాయి. 1700000000 అనే సంఖ్యను సెకన్లుగా చదివితే 2023 నవంబర్ 14. పొరపాటున మిల్లీసెకన్లుగా చదివితే 1970 జనవరి 20. పట్టికలో 1970 నాటి ఆట కనిపించిందంటే అది ఈ పొరపాటే.

తర్వాతి మెట్టు స్థానిక సమయం. రెండు సైట్లూ అంతర్జాతీయ ప్రామాణిక సమయం యూటీసీలో రాస్తాయి. పై సంఖ్య యూటీసీలో మంగళవారం రాత్రి 10 గంటల 13 నిమిషాలు. భారత కాలమానం ఐదున్నర గంటలు ముందుంటుంది కాబట్టి హైదరాబాద్‌లో అప్పుడు బుధవారం తెల్లవారుజాము 3:43. అదే క్షణంలో డల్లాస్‌లో ఉన్న తెలుగు ఆటగాడికి మంగళవారం సాయంత్రం 4:13. యూటీసీని అలాగే వదిలేస్తే, నిద్ర మాని ఆడిన హైదరాబాద్ ఆట ముందురోజు రాత్రి పదింటి ఆటగా లెక్కలోకి వెళ్తుంది. అమెరికాలో ఏటా రెండుసార్లు గడియారం మారుస్తారు కాబట్టి అక్కడివారు గంటలను చేత్తో కూడటం తీసివేయడం మానేసి, ఆ ప్రాంతపు టైమ్‌జోన్ పేరుతో మార్పించుకోవాలి. రాత్రి 11కు మొదలై 1 గంటకు ముగిసిన ఆటల వరుసను రెండు రోజులుగా చీల్చకుండా, తెల్లవారుజాము 4 దాకా ముందురోజు కిందే రాసుకోవడం మేలు.

ఇక ఆట లోపలి గడియారం. సమయ నియమం 180+2 అని ఉంటే, మొదట 180 సెకన్లు, ప్రతి ఎత్తుకూ 2 సెకన్ల అదనం. ఒక ఆటగాడి 14వ ఎత్తు తర్వాత గడియారంలో 1:47, 15వ ఎత్తు తర్వాత 1:12 ఉందనుకుందాం. 107 సెకన్లకు 2 కలిపి 72 తీసేస్తే 37. ఆ ఒక్క ఎత్తుకు 37 సెకన్లు ఖర్చయ్యాయి. మొదట ఉన్న సమయంలో అయిదో వంతు ఒకే ఆలోచనకు పోయింది. కలిపే 2 సెకన్లను మరిచిపోతే ప్రతి ఎత్తు దగ్గరా లెక్క తప్పుతుంది. ఇలా ఆట మొత్తం లెక్కిస్తే, ఆలోచన ఎక్కడ చిక్కుకుందో ఒక గీత గీసినట్టు కనిపిస్తుంది.

ఆటకో వరుస

విడదీసిన వివరాలను ఒక పట్టికలో పెట్టాలి. ఆటకో వరుస. ఆట గుర్తింపు, స్థానిక సమయం, పావుల రంగు, సొంత రేటింగ్, ఎదుటివారి రేటింగ్, ఫలితం, ముగిసిన తీరు, ఓపెనింగ్ కోడ్, 20వ ఎత్తు దగ్గర మిగిలిన సమయం, అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించిన ఎత్తు. ఫలితాన్ని గెలుపుకు 1, డ్రాకు అర, ఓటమికి 0 అని రాస్తే సగటు తీయడం తేలిక. ఆట గుర్తింపును తప్పకుండా ఉంచుకోవాలి. ఒకే ఆట రెండుసార్లు చేరకుండా అది కాపాడుతుంది, తర్వాత ఆ ఆటను మళ్లీ తెరవడానికి దారి చూపిస్తుంది.

పట్టిక తయారయ్యాక అయిదారు ఆటలను సైటులో స్వయంగా తెరిచి, వరుసలో ఉన్నదీ తెర మీద ఉన్నదీ ఒకటేనా అని సరిచూసుకోవాలి. వాటిలో ఒక డ్రా, నల్ల పావులతో ఆడిన ఒక ఆట, గడియారం అయిపోయిన ఒక ఆట ఉండాలి. పదినిమిషాల ఈ పరీక్ష పై పొరపాట్లలో చాలావాటిని పట్టిస్తుంది.

లెక్కను ఎంతవరకు నమ్మాలి

రాత్రి ఆడిన 20 ఆటల్లో 8 మాత్రమే గెలిచినట్టు తేలిందనుకుందాం. వెంటనే రాత్రి ఆట మానేయాలా? నాణేన్ని 20 సార్లు ఎగరేసినా, బొమ్మ 8 సార్లు లేదా అంతకన్నా తక్కువ పడే అవకాశం 25 శాతం ఉంది. అంటే ఆ ఫలితం ఊరికే కూడా రావచ్చు. అదే 100 ఆటల్లో 40 మాత్రమే గెలిస్తే సంగతి వేరు. 100 సార్లు ఎగరేసిన నాణెం 40 లేదా అంతకన్నా తక్కువసార్లు బొమ్మ పడే అవకాశం సుమారు 3 శాతమే. శాతం ఒకటే అయినా, ఆటల సంఖ్య పెరిగాకే దానికి బలం వస్తుంది.

ఎదుటివారి బలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఎలో రేటింగ్ సూత్రం ప్రకారం 100 పాయింట్లు ఎక్కువున్న ఆటగాడికి సగటున 64 శాతం, 200 ఎక్కువుంటే 76 శాతం పాయింట్లు రావాలి. రాత్రిపూట బలమైనవారితో జత కుదురుతుంటే ఫలితం తగ్గడం సహజం. రావాల్సినదానికీ వచ్చినదానికీ ఉన్న తేడానే చూడాలి. ఒకే పట్టికను ఇరవై రకాల ప్రశ్నలతో తిరగేస్తే, ఏదో ఒకదానిలో ఆశ్చర్యపరిచే అంకె కాకతాళీయంగానే దొరుకుతుంది. ప్రశ్నను ముందే రాసుకోమనడానికి ఇది కూడా కారణమే.

ఈ పనికి రెండు హద్దులున్నాయి. ఆట నడుస్తుండగా ఏ ప్రోగ్రాము సాయమూ తీసుకోకూడదు, ఆడి ముగించిన ఆటలనే చదవాలి. పట్టికను ఇతరులకు చూపించేటప్పుడు ఎదుటి ఆటగాళ్ల పేర్లు తీసేయాలి. వాళ్లు ఆడటానికి వచ్చారు, ఒకరి విశ్లేషణలో ఉదాహరణలుగా నిలబడటానికి రాలేదు.

తిరిగి బల్ల ముందుకు

ఏ ఆట దగ్గర కూర్చోవాలో లెక్క చూపించగలదు. ఎందుకు ఓడామో మాత్రం ఆ ఆటే చెప్పాలి. ప్రశ్నకు జవాబుగా తేలిన ఆటల్లోంచి అయిదింటిని ఎంచుకోవాలి. ఒక్కోదానిలో ఎక్కువ సమయం తిన్న ఎత్తు దగ్గర ఆగి, ఎత్తులను లెక్కగట్టే ఇంజిన్ ప్రోగ్రామును తెరవకుండా, నిజమైన బోర్డు మీద పావులు పెట్టాలి. అప్పుడు ఏం చూశారు, ఏది చూడలేదు, దేన్ని చూసి జంకారు అని ఒక్కో వాక్యం రాసుకోవాలి. ఆ తర్వాతే ఇంజిన్‌ను అడగాలి. అయిదు ఆటల్లో మూడింటి దగ్గర ఒకే మాట రాయాల్సి వస్తే సాధన చేయాల్సిన చోటు దొరికినట్టే.

నెల రోజులు ఆ ఒక్కదాన్నే సాధన చేసి, కొత్త నెల ఆటలను మాత్రం తెప్పించుకుని, అదే ప్రోగ్రాముతో అదే ప్రశ్న మళ్లీ అడగాలి. ఒక నెల ఆటలతో తీర్పు చెప్పకుండా, వందకు చేరేదాకా వరుసలు కలుపుతూ పోవాలి. అంకె కదిలితే రెండో ప్రశ్న రాసుకోవచ్చు. కదలకపోతే మరో అయిదు ఆటలను బల్ల మీద పెట్టాలి.